కొబ్బరికాయకూ గుమ్మడికాయకూ మధ్య

ఫిల్మ్‌నగర్‌లో సినిమా కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగుస్తుంది. "కొబ్బరికాయ కొట్టారు" అంటే షూటింగ్ మొదలైందని, "గుమ్మడికాయ కొట్టేశారు" అంటే పూర్తయిందని అక్కడ అందరికీ తెలుసు. దేవుడి పటాల మీద తీసే ముహూర్తపు షాట్ నుంచి చివరి రోజు దిష్టి తీసేదాకా ఈ పని పూజలతోనే నడుస్తుంది. హారతి పళ్లెం యూనిట్ మొత్తం చుట్టి వస్తుంది. తిరిగి తిరిగి ఒక లైట్‌మన్ ముందు ఆగుతుంది. అతని చొక్కా లోపల దారానికి కట్టిన చిన్న సిలువ ఉంది. పళ్లెం పట్టుకున్న ప్రొడక్షన్ కుర్రాడు రోజూ అతనికి టిఫిన్ వడ్డించేవాడే. కొబ్బరి ముక్క తీసుకోవాలా, వద్దా?

జూబ్లీ హిల్స్ బంగళాలకు దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్ గల్లీల్లో సినిమా కూలి మీద బతికే క్రైస్తవ కుటుంబాలకు ఇది పుస్తకంలో చదువుకునే ప్రశ్న కాదు. ఆదివారం మందిరంలో సినిమా అంటే లోకం, లోకాశ, శోధన అని వింటారు. సోమవారం తెల్లవారకముందే నాన్న యూనియన్ కార్డు జేబులో పెట్టుకుని సినిమా పనికే పోతాడు. పిల్లల స్కూలు ఫీజు ఆ కూలి నుంచే వస్తుంది. కానుక పెట్టెలో వేసే నోటూ అక్కడిదే. ఈ రెండింటినీ కలిపి చెప్పేవాళ్లు లేక, పిల్లలు వాటిని విడివిడి గదుల్లో దాచుకోవడం నేర్చుకుంటున్నారు. మందిరంలో ఒక మనసు, ఫోన్ ముందు మరో మనసు.

కొరింథు పట్టణపు క్రైస్తవులకూ ఇలాంటి చిక్కే వచ్చింది. గుళ్లలో బలి ఇచ్చిన మాంసమే బజారులో అమ్మకానికి వచ్చేది. తినవచ్చా అని వాళ్లు అడిగితే పౌలు ఒక జాబితా రాసి పంపలేదు. విగ్రహంలో ఏమీ లేదన్నాడు. అయినా నీ తిండి నీకంటే బలహీనుడైన సహోదరుణ్ని పడగొడుతుందా, చూసుకోమన్నాడు. బజారులో కొన్నదాని గురించి ఆరా తీయవద్దన్నాడు. భోజనానికి పిలిచిన ఇంట్లో ఎవరైనా ఇది బలి ఇచ్చినదని చెబితే మాత్రం, చెప్పినవాడి కోసం తినవద్దన్నాడు. ఎవరితో, ఎక్కడ, ఎవరి ఎదుట అన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది. మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాలు ఈ విషయాన్ని ఓపికగా విడదీస్తాయి. సినిమా గురించి తెలుగు క్రైస్తవ ఇళ్లలో నడవాల్సిన మాట ఇదే పద్ధతిలో నడవాలి. కానీ మన దగ్గర ఎక్కువగా ఉన్నవి రెండే పనిముట్లు: ఒకటి నిషేధం, రెండోది లెక్క.

నిషేధానికి మన సంఘాల్లో పెద్ద చరిత్రే ఉంది. ఉజ్జీవ సభల్లో సాక్ష్యం చెప్పేవారు రక్షణకు ముందటి పాపాల్లో తాగుడు, పేకాటతో పాటు సినిమానూ చేర్చడం ఊరూరా వినిపించేదే. శ్రమల దినాల నలభై రోజులూ టీవీ పెట్టని ఇళ్లు ఉన్నాయి. ఆ ఉపవాసాన్ని తక్కువ చేయకూడదు. అలవాటు మనిషిని ఎంతగా పట్టుకుందో అది మానినప్పుడే తెలుస్తుంది. 2004లో వచ్చిన 'ఆనంద్' కథానాయకుడు రాజా తర్వాత సినిమాలు వదిలి దైవసేవకుడయ్యారు. 'ఆదిత్య 369' కథానాయిక మోహిని క్రైస్తవం స్వీకరించి సువార్త చెబుతున్నారు. వాళ్ల నిర్ణయం గౌరవించదగ్గది. అయితే వేదిక మీదికి వచ్చేవి వదిలి వచ్చినవారి కథలే. వదలకుండా, ఆ పనిలోనే నిజాయితీగా నిలబడాలనుకునే లైట్‌మన్‌కూ మేకప్ అసిస్టెంట్‌కూ సాక్ష్యం చెప్పే చోటు దొరకదు.

నిషేధం పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో అమెరికా చూపించింది. హాలీవుడ్‌కు 1930లో ఒక నియమావళి తయారైంది. దాన్ని రాసినవారిలో డేనియల్ లార్డ్ అనే జెస్యూట్ ఫాదర్ ముఖ్యుడు. 1934లో కాథలిక్ బిషప్పులు 'లీజన్ ఆఫ్ డీసెన్సీ' పెట్టి, చెడ్డ సినిమాలు చూడబోమని చర్చిల్లో జనంతో ప్రతిజ్ఞ చేయించారు. నిర్మాతలు భయపడ్డారు. నియమావళి గట్టిగా అమలైంది. ముద్దులు తగ్గాయి, దొంగకు చివర్లో శిక్ష తప్పనిసరైంది. అదే నియమావళిలో ఇంకో నియమం ఉంది: నల్లవారికీ తెల్లవారికీ మధ్య ప్రేమను, పెళ్లిని చూపించకూడదు. పవిత్రత పేరుతో రాసిన కాగితంలో జాతి వివక్ష నిశ్శబ్దంగా కూర్చుంది. ముద్దు ఎంతసేపో చూసుకున్న కళ్లకు అది పాపంగా కనబడలేదు.

మన రాష్ట్రంలోనూ ఒకసారి నిషేధాన్ని ప్రయోగించారు. 2006 జూన్‌లో 'ది డావిన్సీ కోడ్' సినిమాను అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. క్రైస్తవ సంఘాల అభ్యంతరాలే అందుకు కారణం. సెన్సార్ బోర్డు అప్పటికే 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా అది. ఆ నెలలోనే హైకోర్టు నిషేధాన్ని కొట్టివేసింది. ఆ సినిమా కదిపిన ప్రశ్నల్లో సంఘాల్లోని యౌవనస్థులు అడగదగినవి చాలానే ఉన్నాయి. సువార్తలు నాలుగే ఎందుకు? మగ్దలేనే మరియ గురించి బైబిల్లో నిజంగా ఏముంది? సంఘ చరిత్రలో ఏది ఆధారమున్నది, ఏది కల్పన? సినిమా ఆగిపోతే ఆ ప్రశ్నలూ ఆగిపోతాయని పెద్దలు అనుకున్నారు. అవి ఆగవు. నెట్‌లో ఎవరో ఒకరు వాటికి జవాబు చెబుతూనే ఉంటారు.

ఇక రెండో పనిముట్టు, లెక్క. ఎన్ని ముద్దులు, ఎన్ని మందు సీన్లు, ఎన్ని బూతులు. 2024లో వచ్చిన కొత్త సర్టిఫికేషన్ నియమాలు 'యు/ఎ'ను 7, 13, 16 ఏళ్ల వయసులవారీగా విడగొట్టాయి. తల్లిదండ్రులకు అది మంచి సాయమే. కానీ సెన్సార్ సర్టిఫికెట్ చెప్పగలిగింది పిల్లవాడి వయసుకు ఏది తగదో అన్నంతవరకే. కథ పిల్లవాడి చేత దేన్ని ప్రేమింపజేస్తోందో, ఎవరిని చూసి నవ్వమంటోందో, ఎవరి బాధను లెక్కలోకి తీసుకోవద్దంటోందో అది చెప్పదు.

దీనికి అచ్చమైన ఉదాహరణ తెలుగువాళ్లందరికీ ఇష్టమైన సినిమాలోనే ఉంది. 1955 నాటి 'మిస్సమ్మ'లో లెక్క వేయడానికి ఏమీ దొరకదు. నాలుగు తరాలు కలిసి కూర్చుని చూడవచ్చు. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం, పింగళి పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. సావిత్రి వేసిన మేరీ చదువుకున్న క్రైస్తవ యువతి. తల్లిదండ్రుల అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. ఉద్యోగం భార్యాభర్తలకే ఇస్తారు కాబట్టి, ఎన్.టి.రామారావు వేసిన నిరుద్యోగి రావుతో కలిసి భార్యాభర్తలమని అబద్ధమాడి అప్పాపురం బడిలో చేరుతుంది. మేరీ మాట పడదు, ఎవరికీ లొంగదు, తన ప్రార్థన తాను వదలదు. మేరీమాతను వేడుకుంటూ ఆమె పాడే పాటలో పి.లీల గొంతు ఎంత ఆర్తిగా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు. తెలుగు తెర ఒక క్రైస్తవ స్త్రీకి ఇంత నిండైన పాత్ర ఇవ్వడం ఆనాటికి చిన్న విషయం కాదు. అది ఒప్పుకోవాలి.

ఇప్పుడు ముగింపు చూడాలి. మేరీ నిజానికి మేరీ కాదని తేలుతుంది. ఆమె ఆ బడి నడిపే జమీందారు ఇంట్లో చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి. పుట్టుమచ్చ సాక్ష్యం చెబుతుంది. పెంచిన క్రైస్తవ తల్లిదండ్రులు నిజం ఒప్పుకుంటారు. రావుకూ ఆమెకూ మధ్య సినిమా అంతా నిలబడి ఉన్న మతం అనే గోడను ఎవరూ దాటనక్కర్లేదు, ఎవరూ కూల్చనక్కర్లేదు. గోడే లేదని కథ తేల్చేస్తుంది. రెండున్నర గంటలు మనం ఇష్టపడ్డ ఆ అమ్మాయి విశ్వాసం ఒక పొరపాటుగా, ఊహ తెలియనప్పుడు తగిలించిన పేరుగా మిగిలిపోతుంది. పెంచిన ప్రేమ కంటే పుట్టిన రక్తం పెద్దదన్న మాట, ఎవరూ నోటితో అనకుండానే, ప్రేక్షకుడి గుండెల్లోకి హాయిగా దిగిపోతుంది.

దీన్ని కుట్ర అనడం తప్పు. ఆ సినిమా చూడవద్దనడం ఇంకా పెద్ద తప్పు. నిర్మాతలు చక్రపాణి, నాగిరెడ్డిలు ఆ కాలం ఒప్పుకునే పరిష్కారాన్ని ఎంచుకున్నారు. ఆ ముగింపు మన సమాజం గురించి మనకు చెప్పేది చాలా ఉంది. అసలు సంగతి ఏమిటంటే, బూతులు లెక్కపెట్టే తండ్రి ఈ సినిమాకు నూటికి నూరు మార్కులు వేస్తాడు. పదేళ్ల కూతురు మాత్రం "మేరీ మళ్లీ చర్చికి వెళ్తుందా నాన్నా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గర తండ్రి కూర్చోగలిగితే ఆ సాయంత్రం వృథా కాదు.

అక్కణ్నుంచి ఇంకాస్త దూరం నడవవచ్చు. తెర మీద తెలుగు క్రైస్తవులు ఎవరు? విలన్ పక్కన బంగారు గొలుసు వేసుకుని నిలబడే రాబర్టు, క్లబ్బులో నాట్యం చేసే లిల్లీ, అప్పు కోసం వేధించే డేవిడ్. 'మిస్సమ్మ'లోనే రమణారెడ్డి వేసిన డేవిడ్ మేరీని పెళ్లాడాలని పీడిస్తాడు. తర్వాతి కాలంలో ప్రేమకథల నాయిక వచ్చింది. 1981లో 'సీతాకోకచిలుక'లో కరుణ క్రైస్తవురాలు, రఘు బ్రాహ్మణ కుర్రాడు. చివరికి అతను జంధ్యాన్ని, ఆమె సిలువను తీసేస్తారు. 2010లో 'ఏ మాయ చేసావె' జెస్సీది కేరళ కుటుంబం. 2022లో 'అంటే సుందరానికీ' లీలా థామస్ ఇంట్లో మతం ఒక మొండి పట్టుదలగా కనిపిస్తుంది. అయితే నాయకుడి ఇంటి బ్రాహ్మణ పెద్దల పట్టుదలకూ అంతే వాటా ఇచ్చింది కాబట్టి ఆ సినిమా న్యాయంగానే ఉంది.

వీళ్లలో ఒక్కరూ కృష్ణా, గుంటూరు, ప్రకాశం, మెదక్ జిల్లాల పల్లెల్లో మాలపల్లి, మాదిగపల్లి చివర చిన్న మందిరం కట్టుకున్న ఏసురత్నాలూ మరియమ్మలూ కారు. తెలుగు క్రైస్తవుల్లో అధిక భాగం వాళ్లే. ఆకలి, అంటరానితనం, చదువు, ఆత్మగౌరవం కలిసి వాళ్లను ఈ విశ్వాసం దాకా నడిపించాయి. ఆ కథ తెర మీదికి రావడం అరుదు. శేఖర్ కమ్ముల 2021లో తీసిన 'లవ్‌స్టోరీ' ఆ వైపు అడుగు వేసింది. అందులో నాగచైతన్య వేసిన రేవంత్ దళిత క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ సినిమా ఇంకో మాట కూడా ధైర్యంగా చెప్పింది. నాయికను చిన్నప్పుడు లైంగికంగా వేధించినవాడు ఊరి పెద్దమనిషి, ఆమె సొంత బాబాయి. చాలా సంఘాల్లో ప్రసంగ వేదిక మీద నుంచి వినిపించని విషయం అది. డ్యాన్సులు ఉన్నాయని ఆ సినిమాను పక్కన పెట్టిన తల్లి, తన కూతురితో ఆ సంగతి మాట్లాడటానికి దొరికిన మంచి వీలును పోగొట్టుకుంటుంది.

చూపు మనిషిని ఏం చేస్తుందన్న ప్రశ్న చాలా పాతది. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజీలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత, క్రైస్తవులు ప్రదర్శనలకే పోకూడదని గట్టిగా రాశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత బిషప్ అగస్టీను అంతకంటే లోతుకు వెళ్లాడు. 'ఒప్పుకోళ్లు' ఆరో పుస్తకంలో తన స్నేహితుడు అలీపియుస్ సంగతి చెబుతాడు. రోమ్‌లో మిత్రులు అతణ్ని మనుషులు ఒకరినొకరు చంపుకునే ఆటకు బలవంతంగా లాక్కెళ్లారు. నా ఒంటిని తీసుకెళ్లగలరు గానీ నా మనసును కాదని అతను కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఒక్కసారి జనం హోరెత్తారు. కళ్లు తెరిచాడు. ఆ తర్వాత చూపు తిప్పుకోలేకపోయాడు. మళ్లీ వెళ్లాడు, ఈసారి వేరేవాళ్లను కూడా తీసుకెళ్లాడు. కళ్లు మూసినా చెవులు తెరిచే ఉన్నాయని అగస్టీను గమనించాడు. నిషేధం ఎక్కడ ఓడిపోతుందో ఈ కథ చెబుతుంది. అలీపియుస్‌ను పడగొట్టింది రక్తం కాదు, జనం.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీద మొదటి రోజు మొదటి ఆట చూసినవారికి ఆ హోరు బాగా తెలుసు. కటౌట్ మీద పాలు పోస్తారు, దండలు వేస్తారు, హారతి ఇస్తారు. 2024 డిసెంబరు 4 రాత్రి అక్కడి సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కు హీరో వచ్చినప్పుడు తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు బతుకుల మధ్య ఆసుపత్రిలో పడ్డాడు. ఆ కుటుంబం సరదాగా సినిమాకు వచ్చింది. దోషం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. క్రైస్తవ ఇల్లు అడగాల్సిన ప్రశ్న వేరు. విగ్రహారాధన అంటే రాయి ముందు మొక్కడమేనని పిల్లలకు నేర్పి, అభిమాన హీరో కోసం స్నేహితుడితో కొట్లాడి వచ్చిన కొడుకును "వయసు అలాంటిది" అని వదిలేస్తే, మొదటి ఆజ్ఞను ఆ ఇంట్లో సగమే చదివినట్టు.

అగస్టీను మూడో పుస్తకంలో ఇంకో మాట అంటాడు. అది మరీ దగ్గరగా తగులుతుంది. కుర్రతనంలో అతను నాటకాల్లో విషాద ఘట్టాలు చూసి ఏడవడానికే వెళ్లేవాడు. ఏడిపించకపోతే విసుక్కుని వచ్చేసేవాడు. తర్వాత తనను తానే ప్రశ్నించుకున్నాడు: ఆ కనికరం ఎవరికి అందింది? రంగం మీద బాధపడుతున్నవాడికి సాయం చేయమని ప్రేక్షకుణ్ని ఎవరూ పిలవరు, ఏడవమని మాత్రమే పిలుస్తారు.

ఈ ప్రశ్నను క్రైస్తవులు తమ సొంత సినిమా ముందు కూడా పెట్టుకోవాలి. 1978లో వచ్చిన 'కరుణామయుడు' తెలుగు క్రైస్తవుల జ్ఞాపకాల్లో గుడ్ ఫ్రైడేతో కలిసిపోయింది. ప్రకాశం పంతులు కుటుంబానికి చెందిన విజయచందర్ క్రీస్తుగా నటించారు, నిర్మాణ భారమూ మోశారు. దర్శకుడు ఎ.భీమ్‌సింగ్ ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు. ఫ్రాన్సిస్కన్ ఫాదర్ క్రిస్టఫర్ కొయెల్హో చెయ్యీ అందులో ఉంది. పాటలకు కొలకలూరు కవి మోదుకూరి జాన్సన్ కలం పెట్టారు. హిందీలో 'దయాసాగర్'గా, ఇంకా ఎన్నో భాషల్లోకి వెళ్లి, ప్రొజెక్టరూ తెల్లని తెరా మోసుకెళ్లిన బృందాలతో అది పల్లెలు తిరిగింది. సిలువ మోసే ఘట్టంలో జనం నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేవారు. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. కానీ 'దేవుడి సినిమా' అనగానే ఆలోచన ఆపేయడం మంచిది కాదు. ఈ యేసు ముఖం పాశ్చాత్య చిత్రకారులు గీసిన ముఖంలా ఎందుకుంది? అంత ఏడ్చి ఇంటికి వెళ్లాక పక్క పేట మనిషిని లోపలికి రానిచ్చామా? కులం పేరుతో రెండు వరుసల్లో కూర్చునే సంఘాలు ఉన్న చోట ఈ ప్రశ్న నొప్పి పెడుతుంది. పెట్టాలి కూడా.

తెలుగు క్రైస్తవ సంప్రదాయం వినోదాన్ని వెలివేయడంతో మొదలవలేదన్నది మరిచిపోతున్నాం. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తు భక్తిని ఊరివాళ్లకు తెలిసిన రాగతాళాల్లోనే పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట తలమీద రాగం, తాళం ఇప్పటికీ అచ్చువేస్తారు. గుర్రం జాషువా కుర్రతనంలో, 1915–16లో, రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. బొమ్మ తెర మీద కదులుతుంటే కథనూ సంభాషణలనూ నోటితో చెప్పడం ఆయన పని. తర్వాత ఆయనే 'గబ్బిలం' రాశారు, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందారు. మౌనంగా కదిలే బొమ్మ పక్కన నిలబడి దాని అర్థం జనానికి విప్పి చెప్పడం: ఈ రోజు క్రైస్తవ తల్లిదండ్రులు చేయాల్సిన పనికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

ఇందుకు కొత్త కార్యక్రమాలేమీ అక్కర్లేదు. రాత్రి కుటుంబ ప్రార్థన ఉంది. వారానికి ఒక రోజు ఆ చాప మీదే, ప్రార్థనకు ముందు, చూసిన సినిమా గురించో రీల్ గురించో పావుగంట మాట్లాడుకోవచ్చు. అమ్మ చూసే సీరియల్‌కూ మినహాయింపు ఉండకూడదు. అత్తాకోడళ్ల పగ రాత్రి ఎనిమిదింటికి చూసి తొమ్మిదింటికి క్షమాపణ గురించి వాక్యం చదివితే పిల్లలు గమనించకపోరు. పెద్దలు మొదట వినాలి. "ఆ పాట ఎందుకు నచ్చింది?" అని నిజంగా తెలుసుకోవాలని అడిగితే పిల్లలు చెబుతారు, పట్టుకోవాలని అడిగితే దాస్తారు. అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని చేపట్టమని థెస్సలొనీక సంఘానికి పౌలు రాశాడు. పరీక్షించాలంటే ముందు చేతిలోకి తీసుకోవాలి కదా.

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల సంఘాలకైతే ఇంకెక్కడా లేని సదుపాయం ఉంది. సినిమా ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లు వెనక బెంచీల్లోనే కూర్చుని ఉన్నారు. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచమని కార్మికులు పని ఆపినప్పుడు షూటింగులు నిలిచిపోయాయి. కూలివాడికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రికలో చదివే సంఘాలు ఆ రోజుల్లో వాళ్ల కోసం ప్రార్థించాయా, కనీసం వాళ్లు ఎలా బతుకుతున్నారని అడిగాయా? తెర మీద హీరో మంచివాడా అన్నది ఎంత ముఖ్యమో, తెర వెనక కూలి సరిగ్గా అందిందా అన్నదీ అంతే ముఖ్యం. తెర వెనక అన్యాయం కూలితో ఆగదు. ఫిల్మ్ ఛాంబర్ ముందు 2018లో నటి శ్రీరెడ్డి నిరసన తెలిపినప్పుడు ఆ తీరు చాలామందికి నచ్చలేదు. ఆమె ఎత్తిచూపిన వేధింపుల మాట మాత్రం తీసిపారేయదగ్గది కాదు.

మే నెలలో పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పెట్టినప్పుడు ఒక రోజు ఆ లైట్‌మన్‌ను పిలవాలి. పాఠం చెప్పమని కాదు, తన పని చూపించమని. వాన పైపుల్లోంచి ఎలా వస్తుందో, నటి కంట్లో గ్లిజరిన్ ఎలా పనిచేస్తుందో పిల్లలకు అతను చెప్పగలడు. ఒక పిల్లవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన థర్మాకోల్ షీటు పట్టుకుని, వెనక నుంచి ఒక లైటు వేసి చూపించవచ్చు. మామూలు ముఖం ఒక్క క్షణంలో మారిపోతుంది, తల చుట్టూ వెలుగు అంచు కడుతుంది. కెమెరా కింద పెట్టి పైకి చూపిస్తే ఆ పిల్లవాడే హీరో. లైటు తీస్తే మళ్లీ మన రాజుగాడే. పిల్లలు నవ్వుతారు, మళ్లీ వేయమంటారు, నేను కూర్చుంటానంటే నేను కూర్చుంటానని తోసుకుంటారు. వాళ్లలో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు: "అంకుల్, కరుణామయుడులో యేసయ్యకు కూడా ఇలాగే లైటు పెట్టారా?" పెట్టారు నాన్నా, అనే చెప్పాలి.